బీఎస్‌6 డీజిల్‌లో టూటీ ఆయిల్ వద్దు

అన్నా, పొద్దున స్టార్ట్ చేయగానే టకటకమంటోందని, హన్మకొండ మెకానిక్ మీ 2021 డీజిల్ కారు ట్యాంకులో టూటీ ఆయిల్ (పాత టూ-స్ట్రోక్ స్కూటర్ల పెట్రోల్‌లో కలిపే ఆయిల్) పోయమన్నాడని రాశారు. దయచేసి పోయకండి. సల్ఫర్ తీసేస్తే డీజిల్‌కు కందెనలా పనిచేసే గుణం తగ్గి పంపు అరుగుతుందన్నది నిజమే. బీఎస్‌6 కాలుష్య నిబంధనలతో సల్ఫర్ 10 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 10కి) దిగింది కూడా. కానీ ఆ లోటు తీర్చే అడిటివ్ బంకుకు రాకముందే కలుపుతారు. స్కూటర్ల ఆయిల్ కాలితే మిగిలే బూడిద, పొగలోని మసిని పట్టే ఫిల్టర్ డీపీఎఫ్‌లో పేరుకుంటుంది. ఆ ఫిల్టర్ వేడెక్కి తనను తాను శుభ్రం చేసుకునే రీజనరేషన్‌లో మసి కాలిపోతుంది గానీ బూడిద పోదు, అదే అసలు టెన్షన్. డీపీఎఫ్ లేని పాత మెకానికల్ పంపు జీపుల సంగతి వేరు.

ముందు డీజిల్ ఫిల్టర్ అడుగు స్క్రూ వదులు చేసి గాజు సీసాలో పట్టి చూడండి. నీళ్లుంటే అడుగున గుండుపూసల్లా విడిగా కనిపిస్తాయి. ఫిల్టర్ మార్చినా శబ్దం తగ్గకపోతే ఇంజెక్టర్లు టెస్ట్ చేయించండి.