కొత్త టైర్లు వేశాక చిన్న గతుక్కే కారు అదురుతోంది: గాలి తగ్గించాలా, షాకర్లు మార్చాలా?

మీ ప్రశ్నలోని సంగతులు ముందు ఒకచోట పెడతాను. మీ కారు 62 వేల కిలోమీటర్లు తిరిగిన హ్యాచ్‌బ్యాక్. నెల కిందట 175/65 ఆర్14 టైర్లు తీసేసి, 15 అంగుళాల అలాయ్‌ల మీద 185/55 ఆర్15 వేయించారు. షాపువాళ్లు 40 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి పెట్టి పంపారు. అప్పట్నుంచి సిమెంటు రోడ్డు అతుకు వచ్చినా నడుముకి తెలుస్తోంది. 25కి దించేస్తే మెత్తగా పోతుందని స్నేహితుడు, నాలుగు షాకర్లూ మార్చాల్సిందేనని మెకానిక్ అన్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

ఇద్దరి మాటా అప్పుడే వినకండి. రేపు పొద్దున్నే గాలి సరిచేసి, రోజూ ఇబ్బంది పెట్టే రోడ్డు మీదే ఐదు కిలోమీటర్లు నడిపి చూడండి. ఖర్చు లేని పని ముందు చేయాలని మాత్రమే కాదు, మీరు చెప్పిన లక్షణం షాకర్లది కాదు, టైర్లది.

కారు కింద రెండు స్ప్రింగులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయనుకోండి. కిందది టైరు, పైది కాయిల్ స్ప్రింగు. చక్రం మీద అదనంగా 20 కిలోల బరువు పడితే మామూలు కారు టైరు సుమారు ఒక మిల్లీమీటరు నొక్కుకుంటుంది, కాయిల్ సుమారు ఒక సెంటీమీటరు దిగుతుంది. అంటే టైరు పదింతలు బిరుసు. అయినా రోడ్డు గరుకు, సిమెంటు రోడ్డు అతుకులు, ఫ్లైఓవర్ జాయింట్లు, రంబుల్ స్ట్రిప్పులు లాంటి చిన్న, పదునైన దెబ్బల్ని ముందు మింగాల్సింది టైరే. ఆ దెబ్బ ఎంత త్వరగా వచ్చి పోతుందంటే షాకర్ లోపల పిస్టన్ సరిగ్గా కదిలేలోపే చక్రం దాటేస్తుంది. స్పీడ్ బ్రేకర్లు, లోతు గుంతలు, అలల్లాంటి ఎత్తుపల్లాలు సస్పెన్షన్ పని. కాబట్టి ఎలాంటి గతుక్కి బాధ కలుగుతోందో గమనిస్తే తప్పు ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది.

ఇంకో మాట. కారు బరువు మోసేది షాకర్ కాదు, స్ప్రింగు. నొక్కుకుని లేచిన స్ప్రింగు అదే పనిగా ఊగకుండా ఆపడమే షాకర్ పని. అందుకే షాకర్ అరిగిన కారు గట్టిగా కొట్టదు, పడవలా ఊగుతుంది. స్పీడ్ బ్రేకర్ దిగాక ఒకసారి కుదురుకోవాల్సింది రెండు మూడు సార్లు లేచి పడుతుంది. మీ కారు ఊగుతోందని మీరెక్కడా రాయలేదు, అదురుతోందన్నారు.

ఇక గాలి సంగతి. టైరు బిరుసులో ఎక్కువ భాగం లోపలి గాలిదే. ఉదాహరణకి 33 ఉండాల్సిన చోట 40 ఉంటే ఐదో వంతు ఎక్కువ, టైరు కూడా దాదాపు ఆ మేరకే బిగుసుకుంటుంది. పైగా సైజు మారింది. టైరు వెడల్పు 175 మి.మీ.లో 65 శాతం అంటే పాత టైరు పక్కగోడ ఎత్తు 114 మి.మీ., 185లో 55 శాతం అంటే కొత్తది 102 మి.మీ. దెబ్బని మింగే రబ్బరు గోడ 12 మి.మీ. తగ్గింది. గాలి ఎక్కువ, గోడ పొట్టి, రెండూ ఒకేసారి జరిగాయి.

షాపులో 40 ఎందుకు పెడతారంటే, ట్యూబ్‌లెస్ టైరు అంచు రిమ్ములో టప్‌మని కూర్చోవడానికి ఆ మాత్రం గాలి కావాలి. కూర్చున్నాక దించాలి. రద్దీలో దించడం మర్చిపోవడం మామూలే. టైరు మీద అచ్చు వేసి ఉండే 44 గానీ 51 గానీ ఆ టైరు భరించగల గరిష్ఠం, మీ కారుకి పెట్టాల్సింది కాదు.

మీ కారుకి పెట్టాల్సింది డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీదున్న స్టిక్కర్‌లో ఉంటుంది, కొన్ని కార్లలో పెట్రోలు మూత లోపల. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ విడివిడిగా, ఇద్దరు ముగ్గురికీ నిండు బరువుకీ వేర్వేరుగా రాస్తారు. మీ కొత్త సైజు అందులో లేకపోతే టైరు మీద సైజు పక్కనున్న లోడ్ ఇండెక్స్ చూడండి. ఈ రెండు సైజులూ మామూలుగా 82తోనే వస్తాయి, అంటే ఒక్కో టైరు 475 కిలోలు మోయగలదు. మోసే శక్తి సమానమైతే పాత సైజుకి రాసిన అంకెతోనే మొదలుపెట్టవచ్చు.

టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. చల్లగా అంటే కారు మూడు గంటలు కదలకుండా ఉండాలి, లేదా రెండు కిలోమీటర్లకి మించి నడిచి ఉండకూడదు. టైరు లోపలి వేడి ఆరు డిగ్రీలు పెరిగితే ఒక పీఎస్ఐ పెరుగుతుందని గుర్తుంచుకోండి. మే నెలలో మధ్యాహ్నం హైవే మీద నడిచొచ్చిన టైరు పొద్దుటి కన్నా 30 డిగ్రీలు వేడెక్కి ఉంటుంది. అప్పుడు బంకులో 33 పెట్టిస్తే మర్నాడు పొద్దున చూసేసరికి 28 ఉంటుంది. అందుకే వేడి టైరులో అంకె ఎక్కువ కనిపించిందని గాలి తీసేయకూడదు. హైదరాబాద్‌లో డిసెంబర్ పొద్దున 15 డిగ్రీల్లో పెట్టిన గాలి, మే పొద్దుటికి ఏమీ కారకపోతే రెండున్నర పీఎస్ఐ పెరిగి కనిపిస్తుంది. కానీ మామూలుగా టైరు నెలకి ఒకటి రెండు పీఎస్ఐ దానంతటదే పోగొట్టుకుంటుంది. పదిహేను రోజులకోసారి చూసుకోవాలనేది అందుకే.

గేజ్ సొంతంగా ఒకటి కొనుక్కోండి. గాలి మిషన్లు ఒకదానికొకటి మూడు నాలుగు పీఎస్ఐ తేడా చూపించడం చాలా చోట్ల ఉన్నదే. ఎప్పుడూ ఒకే గేజ్‌తో కొలిస్తే, అది కాస్త తప్పు చూపించినా నాలుగు చక్రాల మధ్య తేడా అయినా సరిగ్గా తెలుస్తుంది. నైట్రోజన్ పెట్టిస్తే మెత్తబడుతుందన్న ఆశ వద్దు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. కారడం కాస్త నెమ్మదిస్తుందేమో గానీ, అదే పీఎస్ఐ దగ్గర అదురు అదే.

25 ఎందుకు వద్దంటున్నానో వివరంగా చెబుతాను, ఇది ప్రాణాల మీదికొచ్చే సంగతి. గాలి తక్కువైన టైరు పక్కగోడ తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా మడతపడుతుంది, మడతపడి వేడెక్కుతుంది. ఎండాకాలం, నలుగురు మనుషులు, డిక్కీలో సామాను, గంటకి వంద వేగం కలిస్తే లోపలి పోగులు విడిపోయి టైరు పేలుతుంది. ఊళ్లో తిరిగినంతసేపూ మెత్తగా, హాయిగా ఉన్న టైరే హైవే ఎక్కాక అలా అవుతుంది. రెండోది గుంత. 102 మి.మీ. గోడ, అందులో గాలి తక్కువ. గుంత అంచుకీ రిమ్ముకీ మధ్య రబ్బరు నలిగిపోతుంది. పైకి ఏమీ కనిపించదు, లోపలి దారాలు తెగుతాయి. రెండు రోజులయ్యాక టైరు పక్కన నిమ్మకాయంత బుడగ లేస్తుంది. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది. దానికి ప్యాచ్ లేదు, మరమ్మతు లేదు, టైరు తీసేయాల్సిందే. కాబట్టి స్టిక్కర్ అంకె కన్నా కిందికి దిగవద్దు.

గాలి సరిచేశాక కూడా ఏదో తేడాగా ఉందనిపిస్తే అప్పుడు సస్పెన్షన్ చూడండి. బానెట్ మూల మీద బలంగా నొక్కి వదిలితే ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కపెట్టే పరీక్ష చాలామందికి తెలుసు. అందులో తప్పితే షాకర్ పూర్తిగా పోయినట్టే, కానీ నెగ్గినంత మాత్రాన బాగున్నట్టు కాదు. సగం అరిగిన షాకర్ ఆ పరీక్షలో దొరకదు. చక్రం వెనక టార్చి వేసి షాకర్ ఒంటిని చూడండి. పల్చగా నూనె చెమ్మ, దాని మీద దుమ్ము ఉంటే కంగారు లేదు. తడిసి కిందికి ధారలు కట్టి ఉంటే సీలు పోయింది. పాత టైర్లు ఇంట్లో ఉంటే వాటి మీద అరచేతితో చుట్టూ నిమరండి. ఎత్తుపల్లాలుగా, గిన్నెలు తోడినట్టు అరిగి ఉంటే ఆ మూల షాకర్ చక్రాన్ని రోడ్డుకి అదిమి పట్టడం లేదనే అర్థం. నడి మధ్యన అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే తక్కువ, ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్.

చప్పుళ్లు వేరే కథ. నెమ్మదిగా పోతూ చిన్న గతుకుల మీద ముందువైపు టకటకలాడితే ముందు లింక్ రాడ్లు, స్టెబిలైజర్ బుష్‌లు (కీళ్ల దగ్గరుండే రబ్బరు ముక్కలు) చూడమనండి. షాకర్ల ఖర్చులో చిన్న భాగంతో పోతుంది. ఆపి ఉన్న కారులో స్టీరింగ్ తిప్పితే స్ప్రింగు టంగుమని చప్పుడైతే స్ట్రట్ (ముందు షాకర్, కాయిల్ కలిసిన భాగం) మౌంట్ బేరింగ్. బ్రేకు వేసినప్పుడు ధబ్‌మంటే చక్రాన్ని కిందివైపు పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బుష్. గుంతలో పడ్డప్పుడు ఇనుముకి ఇనుము తగిలినట్టుంటే షాకర్ రాడ్డు మీదుండే మెత్తటి దిమ్మ, అంటే బంప్ స్టాప్, పొడైపోయి ఉంటుంది. 80 నుంచి 100 వేగం మధ్య స్టీరింగ్ వణికితే అది సస్పెన్షన్ కాదు, వీల్ బ్యాలెన్సింగ్. బయట కొన్న అలాయ్ కాబట్టి మధ్య రంధ్రం హబ్‌కి (చక్రం బిగించే ఇరుసు భాగానికి) సరిపోయిందో లేదో కూడా చూడాలి. వదులుగా ఉంటే మధ్యలో రింగు వేయాలి. లేకపోతే ఎన్నిసార్లు బ్యాలెన్స్ చేయించినా వణుకు పోదు.

నాలుగు షాకర్లన్న మెకానిక్‌ని ఏది కారుతోందో, ఏది ఊగుతోందో చూపించమనండి. ముందువి పోతే ముందు రెండూ, వెనకవి పోతే వెనక రెండూ జతగా మార్చాలి. ఒకవైపే మారిస్తే కారు రెండు వైపులా రెండు రకాలుగా స్పందిస్తుంది. ముందు స్ట్రట్ మార్చేటప్పుడు మౌంట్, బేరింగ్, బంప్ స్టాప్, దుమ్ము తొడుగు కూడా కొత్తవి వేయించండి. మళ్లీ వాటి కోసమే విప్పితే కూలీ రెండోసారి కట్టాలి. నొక్కిపెట్టిన కాయిల్ మనిషిని చంపగలదు. స్ప్రింగుని అదిమి పట్టే కంప్రెసర్ పనిముట్టు లేకుండా పైనట్టు విప్పే చోట ఆ పని చేయించవద్దు.

బుష్‌లు మారిస్తే మాత్రం ఒక్క విషయం దగ్గరుండి చూసుకోండి. లోయర్ ఆర్మ్ బుష్ అంటే ఇనుప గొట్టం చుట్టూ అతికిన రబ్బరు. అది గిర్రున తిరగదు, మెలితిరుగుతుంది. కారు జాకీ మీదుండి చక్రం కిందికి వేలాడుతున్నప్పుడే బోల్టు పూర్తిగా బిగిస్తే, వేలాడే స్థితినే రబ్బరు తన మామూలు స్థితి అనుకుంటుంది. కారు కిందికి దించగానే అది మెలిపడి, ఇరవై నాలుగు గంటలూ అలాగే ఉంటుంది. కొత్త బుష్ వేసినా కారు బిగుసుగా ఉండటం, కొన్ని నెలలకే రబ్బరు చీలిపోవడం దీనివల్లే. చక్రం వేలాడుతుండగా బోల్టు సగమే బిగించి, చక్రాల మీద బరువు పడ్డాక టార్క్ రెంచ్‌తో (బిగింపు కొలిచే పానాతో) ముగించాలి. కొత్త షాకరే నాసిరకమని తిట్టుకునే సందర్భాల్లో తప్పు చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. స్ట్రట్ విప్పితే తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి, ఎందుకంటే చాలా కార్లలో దాన్ని పట్టి ఉంచే రెండు బోల్టుల దగ్గరే చక్రం వాలు మారిపోతుంది.

ఈ మధ్య కాయిల్ మధ్యలో ఇరికించే రబ్బరు బఫర్లు యాక్సెసరీ షాపుల్లో బాగా అమ్ముతున్నారు. కారు ఎత్తు పెరుగుతుంది, మెత్తగా పోతుంది అంటారు. ఎత్తు నిజం, మెత్తదనం అబద్ధం. బఫర్ కూర్చున్న చోట కాయిల్ చుట్టు పనిచేయడం మానేస్తుంది. పనిచేసే చుట్లు తగ్గితే స్ప్రింగు బిరుసెక్కుతుంది. ఆ బిరుసుని ఆపేలా షాకర్‌ని తయారు చేయలేదు, త్వరగా అరుగుతుంది. ఊగిసలాట తగ్గి నయమైనట్టు అనిపించేది ఆ బిరుసు వల్లే. మీలాంటి సమస్యకి అది పూర్తిగా ఎదురు మందు.

నడపడంలో కూడా ఒక మెలకువ ఉంది. స్పీడ్ బ్రేకర్ మీదికెక్కే క్షణం దాకా బ్రేకు తొక్కి ఉంచితే ముక్కు వంగి, ముందు స్ప్రింగులు అప్పటికే నొక్కుకుపోయి ఉంటాయి. దెబ్బని మింగడానికి మిగిలిన జాగా తక్కువ. బ్రేకు ముందే వేసి వేగం తగ్గించి, చక్రం ఎక్కే ముందు పాదం తీసేయండి.

ఇవన్నీ చేశాక స్పీడ్ బ్రేకర్ల మీద బాగానే ఉండి, సిమెంటు అతుకులే ఇంకా తెలుస్తుంటే అది ఆ 12 మి.మీ. రబ్బరు లోటే, ఏ షాకరూ పూడ్చలేదు. పాత రిమ్ములు అమ్మకుండా ఉంటే వాటి మీద మళ్లీ 175/65 ఆర్14 వేయించండి. రెండు సైజుల్లో చక్రం మొత్తం ఎత్తు 583, 585 మి.మీ. కాబట్టి స్పీడోమీటర్‌కి తేడా రాదు. అలాయ్‌లే ఉంచుకోవాలనుకున్నా 14 అంగుళాల స్టెప్నీ అత్యవసరానికి పనికొస్తుంది. కొన్ని అలాయ్‌లకి నట్లు వేరేగా వస్తాయి, పాత నట్లు ఒక సెట్టు డిక్కీలో పడేసి ఉంచండి.