కీబోర్డుతోని ట్రంపెట్ కలుస్తలేదా?

తమ్మీ, ఇంట్ల ఒక్కడివే ఊదితే మంచిగొస్తది, హన్మకొండల దోస్తుల కీబోర్డు, డ్రమ్ములతోని కూసుంటే అపస్వరం పలుకుతదన్నవు. తప్పు నీ ఊదుడుల లేదు. మన బ్యాండు మేళాలల్ల కనవడే మామూలు ట్రంపెట్ బీ-ఫ్లాట్ స్వరానిది. నువ్వు సీ స్వరం ఊదితే కీబోర్డు మీది బీ-ఫ్లాట్ పలుకుతది. అందుకే వాళ్లకంటె నల్లమెట్లు కలిపి రెండు మెట్లు పైన పట్టాలె. వాళ్లు ఎఫ్ శ్రుతిల బ్లూస్ (అమెరికా నల్లజాతోళ్ల పాటల తీరు) ఎత్తుకుంటే నీది జీ. ఇత్తడి వేడెక్కినంక శ్రుతి పైకి పోతది, అప్పుడు ట్యూనింగ్ స్లైడ్ (శ్రుతి సరిచేసే జరుపుడు గొట్టం) కొద్దిగ బయటికి గుంజు.

ఇగ అసలు సంతోషం ముందుంది. బ్లూస్‌ల ఒక చుట్టు అంటె మామూలుగ 12 బార్లు (తాళం గడులు), బారుకు 4 దెబ్బలు. మొదటి రెండు చుట్లు ఊదకు, కాలుతోని లెక్కేసుకుంట కీబోర్డు ఎడమచేతి బేస్ విను. తర్వాత రెండు బార్లు ఊది, రెండు బార్లు ఖాళీ ఇడువు. ఆ ఖాళీల నీ మూడు స్వరాల ముక్కనే కీబోర్డు పిల్లగాడు తిప్పి అంటడు, డ్రమ్ము కర్ర తాళం పళ్లెం మీద దాన్నే అందుకుంటది. నాకు మొదటిసారి అట్ల జరిగిననాడు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. బరాత్‌లల్ల ఏండ్లకొద్ది ఊదిన గని, ఇట్ల ఒకల మాట ఒకలు అందుకునుడు నాకు ఆడ దొరకలె.

ఆదివారం ఎఫ్ బ్లూస్‌తోనే మొదలుపెట్టు. ఎట్లైందో రాయి.