లివర్ గట్టిదనం కొలిచే ముందు

చి.సౌ. అమ్మణ్ణికి,

తిరుపతి నుంచి పెద్దనాయన ఆశీస్సులు.

చిత్తూరులో నువ్వు చేరిన ఆస్పత్రికి షేర్ వేవ్ (కండలో అడ్డంగా పాకే చిన్న అల) ఉన్న కొత్త అల్ట్రాసౌండ్ మెషీన్ వచ్చిందనీ, లివర్ ఎలాస్టోగ్రఫీ, అంటే ఆ అల వేగాన్ని బట్టి గట్టిదనం కొలిచే పని, అంతా నీ మీదే పడిందనీ మీ నాన్న చెప్పాడు. రిటైరైన రేడియాలజిస్టు అడక్కపోయినా సలహా ఇస్తాడు, ఓపిగ్గా చదువు.

మామూలు స్కాన్‌లో బొమ్మ బాగా రాకపోతే కంటికే తెలిసిపోతుంది. ఇక్కడ అట్ల కాదు. ఎంత అడ్డదిడ్డంగా తీసినా స్క్రీన్ మీద 11.4 అని పాయింటుతో సహా ఒక నెంబరు పడుతుంది. పేషెంటు ఆ కాగితాన్ని ఏళ్ల తరబడి ఫైల్లో పెట్టుకుని ఊరూరా డాక్టర్లకు చూపిస్తాడు. కాబట్టి బటన్ నొక్కక ముందు చేసే పని గురించే ఎక్కువ రాస్తాను.

మొదటిది కడుపు. కనీసం నాలుగు గంటలు ఖాళీగా ఉండాలి. తిన్న తర్వాత పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే పోర్టల్ వెయిన్‌లోకి రక్తం ఎక్కువగా వస్తుంది, దాంతో నెంబరు పెరుగుతుంది. మనవాళ్లను 'అన్నం తిన్నారా' అని అడిగితే 'లేద్సార్' అంటారు. నిజమే, తిన్నది అన్నం కాదు, నాలుగు ఇడ్లీలు. కొండ దిగి నేరుగా వచ్చినవాళ్లయితే ప్రసాదాన్ని తిండి కింద లెక్కే వేయరు, ఒక లడ్డు మొత్తం అయిపోయి ఉంటుంది. అందుకని 'పొద్దున లేచినప్పటి నుంచి నోట్లో ఏమేం పడింది, ఎన్ని గంటలకు' అని అడుగు. ఎలాస్టోగ్రఫీ వాళ్లందరికీ పొద్దున్నే టైమిచ్చి, మధ్యాహ్నాలు వేరే స్కాన్లకు వదిలేస్తే సగం గొడవ ఉండదు. నా మాట మీద నమ్మకం లేకపోతే, తెలిసినవాళ్లను ఒకరిని ఒప్పించి పరగడుపున ఒకసారి, టిఫినయ్యాక అరగంటకు ఇంకోసారి తీసి చూడు. మంచి లివర్‌లో తేడా కొద్దిగానే ఉండొచ్చు. ఫైబ్రోసిస్ (మచ్చలు పడి గట్టిపడడం) ముదిరిన లివర్‌లో ఇంకా ఎక్కువగా పెరుగుతుంది, మనకు తంటా వచ్చేది సరిగ్గా వాళ్లతోనే.

రెండోది ఊపిరి. మనకు 'గట్టిగా పీల్చి పట్టండి' అనడం నోటికి అలవాటైపోయింది. ఇక్కడ ఆ మాట మానుకో. గట్టిగా పీల్చి బిగబడితే లివర్‌లోని సిరల్లో ప్రెజర్ మారి కొలత పైకి పోతుంది. మామూలుగా ఊపిరి తీస్తూ ఉండగా మధ్యలో 'అట్లే ఆగండి' అంటే చాలు. ఏసీ చలికీ జెల్ చలికీ పేషెంటు బిగుసుకుపోయి, ఆగమనగానే మళ్లీ గుండెల నిండా పీలుస్తాడు. కొలతలు మొదలుపెట్టక ముందే రెండు మూడుసార్లు ఆగడం ప్రాక్టీస్ చేయించు. మెట్లెక్కి వచ్చినవాళ్లను ముందు కాసేపు కూర్చోబెట్టు.

ఇక ప్రోబ్. వెల్లకిలా పడుకోబెట్టి కుడి చెయ్యి తల మీదికి ఎత్తిస్తే పక్కటెముకల సందు తెరుచుకుంటుంది. ఆ సందులోంచి కుడి లోబ్‌లోనే తియ్యి. ఎడమ లోబ్ జోలికి పోవద్దు, పక్కనే గుండె కొట్టుకుంటూ దాన్ని కదిలిస్తూ ఉంటుంది. కొలత పెట్టె (స్క్రీన్ మీద కొలిచే చోటును చూపే గడి) క్యాప్సూల్ (లివర్ పైపొర) కింద ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల లోతులో ఉండాలి. మరీ పైన పెడితే క్యాప్సూల్ దగ్గరి రివర్బరేషన్ (మళ్లీ మళ్లీ వచ్చే ప్రతిధ్వని) నెంబరును పాడు చేస్తుంది. పెట్టెలో రక్తనాళం పడకూడదు, ప్రోబ్ క్యాప్సూల్‌కు లంబంగా ఉండాలి. థైరాయిడ్, బ్రెస్ట్ సంగతి తర్వాత ఎప్పుడైనా వివరంగా రాస్తాను. ఇప్పటికి ఒక్కటే: అక్కడ ప్రోబ్‌ను అసలు నొక్కొద్దు, జెల్ దండిగా వేసుకో. కాస్త బరువు పడినా మెత్తటిది కూడా గట్టిదిగా కనిపిస్తుంది.

ఒక్క చోటే కొలిచే పాయింట్ షేర్ వేవ్ అయితే పది కొలతలు, రంగుల మ్యాప్ వచ్చే 2డీ అయితే మంచివి ఐదు చాలు. రిపోర్టులో రాయాల్సింది మీడియన్, అంటే కొలతలను వరసలో పెడితే నడిమిది. ఐక్యూఆర్‌ను (నడిమి సగం కొలతలు ఎంత మేర చెదిరాయో చూపే తేడాను) మీడియన్‌తో భాగిస్తే కిలోపాస్కల్స్‌లో (గట్టిదనం కొలమానం) 30 శాతం దాటకూడదు, మీటర్ పర్ సెకండ్‌లో అయితే 15 శాతం. రెండు హద్దులెందుకంటే, మెషీన్ నిజంగా కొలిచేది అల వేగాన్ని మాత్రమే. కిలోపాస్కల్ అనేది ఆ వేగం వర్గానికి సుమారు మూడు రెట్లు. సెకనుకు 1 మీటరు అంటే 3 కిలోపాస్కల్స్, 2 మీటర్లు అంటే 12. వేగంలో దొర్లిన చిన్న తేడా ఇక్కడికొచ్చేసరికి రెట్టింపు శాతం అవుతుంది. పేషెంటు అడిగితే లెక్కలు చెప్పకు. బిగించి కట్టిన తాడును కొడితే అల గబగబా పోతుంది, వదులు తాడులో నింపాదిగా పోతుంది, మేం చూసేది ఆ పరుగునేనని చెప్పు.

ఈమధ్య ఒకాయన నాకు ఒక రిపోర్టు చూపించాడు. ఎక్కడ తీశారో రాయను. 'లివర్ స్టిఫ్‌నెస్ 16, సిర్రోసిస్' అని, అంటే ఫైబ్రోసిస్ చివరి దశ అని, ఒకటే లైను, కింద సంతకం. మనిషి కళ్లు పచ్చగా ఉన్నాయి, లివర్ దెబ్బను చూపే రక్తపరీక్ష ఏఎల్‌టీ 900 దాటి ఉంది. ఇంట్లో అప్పటికే ఏడుపులు. కామెర్లు పూర్తిగా తగ్గాక మళ్లీ తీయిస్తే నార్మల్‌కు దగ్గరగా వచ్చింది. వాచిన లివర్ మచ్చలు లేకపోయినా గట్టిగానే ఉంటుంది. బైల్ డక్ట్ మూసుకున్నా అంతే, గుండె ఫెయిలై రక్తం వెనక్కి తన్నినా అంతే. ప్రోబ్ ఎలాగూ చేతిలోనే ఉంది కదా, ఐవీసీ (గుండెకు రక్తం తీసుకెళ్లే పెద్ద సిర), హెపాటిక్ వెయిన్స్ (లివర్ నుంచి అందులోకి పోయే సిరలు) ఉబ్బి ఉన్నాయేమో ఒక్క చూపు చూడు, పాదాల వాపు చూడు. బాగా తాగే మనిషైతే చివరిసారి ఎప్పుడు తాగాడో, ఇంటివాళ్లను బయట కూర్చోబెట్టి అడుగు.

కటాఫ్‌ల (హద్దు నెంబర్ల) దగ్గర నాకు కొంచెం చాదస్తం. ఫైబ్రోస్కాన్‌లో (చర్మం మీద తట్టి గట్టిదనం కొలిచే వేరే మెషీన్) 10 కిలోపాస్కల్స్ లోపు ఉంటే ముదిరిన జబ్బు దాదాపు లేనట్టే, 15 దాటితే బలంగా అనుమానించాలి. 20 లోపు ఉండి ప్లేట్‌లెట్లు లక్షన్నర పైన ఉంటే వేరిసెస్ (అన్నవాహికలో ఉబ్బిన సిరలు) కోసం ఎండోస్కోపీ అక్కర్లేదని బవేనో వాళ్ల (పోర్టల్ ప్రెజర్ నిపుణుల బృందం) మాట. నీ మెషీన్ లాంటి వాటికి అమెరికా అల్ట్రాసౌండ్ రేడియాలజిస్టులు 2020లో చెప్పిన హద్దులు వేరు: 5 లోపు నార్మల్, 9 లోపు ముదిరిన జబ్బు ఉండే అవకాశం తక్కువ, 13 దాటితే ఉన్నట్టే. ఎమ్మారై మెషీన్ మీద తీసే ఎమ్మార్ ఎలాస్టోగ్రఫీ ఇంకో దారి. 1995లో రాజా ముత్తుపిళ్లై, మేయో క్లినిక్ వాళ్లు కలిసి దాన్ని మొదట చూపించారు. అందులోనూ కిలోపాస్కల్స్ అనే రాస్తారు కానీ అది షేర్ స్టిఫ్‌నెస్, మన లెక్కలో సుమారు మూడో వంతు. నీ మెషీన్‌లో 5 అంటే ధైర్యం చెప్పి పంపొచ్చు. వేలూరు నుంచో చెన్నై నుంచో తెచ్చిన ఎమ్మార్ రిపోర్టులో 5 ఉంటే అది సిర్రోసిస్ దాకా పోయిన లివర్. పాత రిపోర్టుతో పోల్చి 'పెరిగింది', 'తగ్గింది' అని రాసే ముందు రెండూ ఒకే రకం మెషీన్ మీద తీసినవేనా అని చూసుకో. నీ రిపోర్టులో మెషీన్ పేరు, ఎన్ని కొలతలు, ఐక్యూఆర్, ఎన్ని గంటలు పరగడుపు అన్నవి రాయి. అవి లేని నెంబరు ఎవరికీ పనికి రాదు.

పొట్టలో నీరున్నవాళ్లను ఫైబ్రోస్కాన్ వాళ్లు వెనక్కి పంపిస్తే నీ దగ్గరికే వస్తారు. అక్కడ అల చర్మం దగ్గర పుట్టి నీటిని దాటలేదు, నీ మెషీన్‌లో లివర్ లోపలే పుడుతుంది, కాబట్టి ప్రయత్నించొచ్చు. అయినా నీరు పట్టాక గట్టిదనం కొలిచి కొత్తగా తెలుసుకునేది పెద్దగా ఉండదు. అదే మాట పంపిన డాక్టరుకు ఫోన్లో చెప్పు.

మీ నాన్న ఫ్యాటీ లివర్ సంగతి నీకు తెలిసిందే. వచ్చే నెల నీ దగ్గరికే వచ్చి తీయించుకుంటానంటున్నాడు. రమ్మను, కానీ ప్రోబ్ నీ కొలీగ్‌కు ఇవ్వు. సొంతవాళ్లకు మనమే తీస్తే, మనసుకు నచ్చిన నెంబరు వచ్చేదాకా నచ్చనివి చెరిపేస్తూ పోతాం.

ఇట్లు,
మీ పెద్దనాయన