గోడ మీద గొరిల్లా, వ్యాసంలో గెరిల్లా

ప్రశ్న: జిమ్ము పెడుతున్నాం. రోడ్డు వైపు గోడ మీద గుండెలు బాదుకునే గొరిల్లా బొమ్మ వేయిద్దామంటే మా బాబాయిగారు ‘తాలింఖానాకి ఆంజనేయస్వామి ఉండాలిగానీ ఈ కొండముచ్చేంట్రా, అరిష్టం’ అంటున్నారు. అసలు గొరిల్లా దేనికి గుర్తండి?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: మీ బాబాయిగారి మాట కొట్టిపారేసేది కాదు. మన దగ్గర తొడ కొడితే సవాలు, గుండెలు బాదుకుంటే ఏడుపు. ఆ భంగిమ ఆయనకి నచ్చకపోవడంలో వింతేం లేదు. గొరిల్లాకి మాత్రం అది తొడ కొట్టడమే. ‘ఇక్కడ నేనున్నాను, ఇంత ఒడ్డూ పొడుగూ ఉన్నాను’ అని దూరంగా ఉన్న మగవాటికి చాటుతుంది. ఒళ్ళు పెద్దదయ్యేకొద్దీ చప్పుడు బొంగురుగా వస్తుంది. విన్నది అంచనా వేసుకుని తప్పుకుంటే కొట్లాటే ఉండదు.

శకునమంటారా, అది ఆఫ్రికా అడవుల జంతువు. మన శకునాల్లో దాని ఊసే లేదు. 1933 నాటి కింగ్‌కాంగ్ సినిమా లాంటివి దాన్ని కోపానికి బొమ్మగా చేశాయి. అది పుట్టిన చోట లెక్క వేరు: రువాండాలో 2005 నుంచి గొరిల్లా పిల్లలకి మన బారసాల లాంటి వేడుక చేసి పేర్లు పెడుతున్నారు. మందలో వెండివీపు మగది (ఎదిగాక వీపు మీద జుట్టు తెల్లబడింది) ఎటు మేతకెళ్ళాలో తేలుస్తుంది, ఆపదొస్తే ముందు నిలబడుతుంది. మా లెక్కలో అది ఇంటిపెద్దకి గుర్తు.

ఇక పెయింటరుకి చెప్పాల్సినవి. పిడికిళ్ళతో రొమ్ము బాదుతున్నట్టు వేస్తారు, తప్పు. దోసిలిలా కొంచెం వంచిన అరచేతులతో, ఒకదాని తర్వాత ఒకటిగా చరుస్తుంది. వేళ్ళు ముడిచేది నడిచేటప్పుడు, నేల మీద. తోక ఉండదు. ఎదిగిన మగదాని రొమ్ము మీద జుట్టు పలచన, నల్లటి చర్మం కనిపించాలి. నిలబడితే అయిదున్నర అడుగులు ఉండేదానికి బార ఏడున్నర దాకా ఉంటుంది. చేతులు పొట్టిగా వేస్తే ఎలుగుబంటి అయిపోతుంది. నోట్లో నెత్తురు వద్దు, తినేది ఆకులూ కాడలూ పళ్ళూ, అడపాదడపా చీమలూ చెదలూ. (గుడ్లు మీ కుర్రాళ్ళకే.) అసలు చిక్కు వెండివీపుతో. 12, 13 ఏళ్ళకి వచ్చే ఆ తెలుపు ఎదురుగా నిలబెడితే కనపడదు. పెద్దరికం చూపాలంటే నాలుగు కాళ్ళ మీద, కొంచెం పక్కకి తిరిగినట్టు వేయించండి. బాబాయిగారి అభ్యంతరమూ తీరుతుంది.

మన డెల్టా గోడకి అడుగున చెమ్మ ఎక్కి ఉప్పు పొంగుతుంది, పైన ఎంత మంచి రంగేసినా పెచ్చులూడుతుంది. బొమ్మ నేలకి రెండడుగుల పైనుంచి మొదలుపెట్టించండి. వానలు తగ్గి గోడ బాగా ఆరాక ప్రైమరు ఒక కోటు, బయటి గోడల ఎమల్షన్ రెండు కోట్లు.

ప్రశ్న: అల్లూరి సీతారామరాజు ‘గొరిల్లా యుద్ధం’ చేశారని మా అబ్బాయి వ్యాసంలో రాస్తే మాస్టారు ఎర్రసిరాతో సున్నా చుట్టారు. తప్పేంటండి?
– ఒక గృహిణి, రాజోలు

జవాబు: ఒక్క అక్షరమే. అది గెరిల్లా. స్పానిష్‌లో గెర్రా అంటే యుద్ధం, గెరిల్లా అంటే చిన్న యుద్ధం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుని అడవిలోకి జారుకోవడం ఆ పద్ధతే. గొరిల్లా పేరు ఉత్తర ఆఫ్రికాలోని ప్రాచీన నగరం కార్తేజ్ నావికుడు హానో యాత్రా కథనం నుంచి వచ్చింది. 1847లో ఈ జంతువుకి పెట్టారు. రెండింటికీ చుట్టరికం లేదు. పైగా గొరిల్లా పొంచి కొట్టేది కాదు, చరిచి మరీ చెబుతుంది. బాబుని ‘గొ’ని ‘గె’ చేయమనండి, సరిపోతుంది.