కదలికల లెక్క గురించి అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న మీ అమ్మ ఫోనులో నీ సంగతులన్నీ చెప్పింది. 21వ వారం నడుస్తోందనీ, పోయిన వారం రెండు రోజులు కదలిక తెలిసి, ఆ తర్వాత ఒక రోజంతా ఏమీ తెలియక నువ్వు రాత్రి కన్ను మూయలేదనీ, అందుకని ఇకమీదట గంటగంటకూ కదలికలు లెక్కపెట్టి పుస్తకంలో రాయాలనీ, ఇంట్లోనే గుండెచప్పుడు వినడానికి డాప్లర్ యంత్రం కొనాలనీ నిశ్చయించుకున్నావనీ విన్నాను. నీ బిడ్డ బాగోగులు నువ్వే కనిపెట్టుకోవాలన్న పట్టుదలకు లోపల గర్వపడ్డాను. అయితే ఆ లెక్క ఇప్పుడే మొదలుపెట్టడం తొందరపాటు, ఆ యంత్రం కొనడం నాకు భయం కలిగించే సంగతి. ప్రసూతి వార్డులో జీవితం గడిపినదాన్ని కనుక చెప్పకుండా ఉండలేను.

ముందు ఈ నెలల సంగతి. బిడ్డ ఏడెనిమిది వారాల నుంచే కదులుతుంది, స్కానింగులో కనిపిస్తుంది కూడా, కానీ ఆ కదలిక తల్లికి తెలియడానికి 16 నుంచి 24 వారాల మధ్య ఎప్పుడైనా పట్టవచ్చు. తొలిచూలులో 20 వారాలు దాటేదాకా తెలియనివారు ఎందరో ఉంటారు. ఇప్పుడు నీ బిడ్డ అరకిలో కూడా ఉండదు. ఉమ్మనీటిలో చోటు ధారాళంగా ఉంటుంది కనుక అది వేసే ప్రతి తన్నూ గర్భసంచి గోడకు తగలదు, తగిలినా చేపపిల్ల తోక ఆడించినట్టు లీలగా తెలిసి, పేగుల్లో గాలి కదిలిందేమోనని అనిపించి ఊరుకుంటుంది. నీ స్కానింగు రిపోర్టు తీసి మాయ, అంటే ప్లాసెంటా, ఎక్కడుందో చూడు. ముందు గోడకు ఉంటే, అంటే యాంటీరియర్ అని రాసి ఉంటే, ఆ మాయ నీకూ బిడ్డకూ మధ్య అడ్డుగా ఉండి కదలికలను మరికొంత ఆలస్యంగా, మెత్తగా తెలియనిస్తుంది. అందులో చెడు ఏమీ లేదు. పైగా నువ్వు నడుస్తూ పనిలో ఉన్నప్పుడు ఈ చిన్న కదలికలు నీ ధ్యాసకు రావు. సాయంత్రం పక్కమీద వాలగానే తెలుస్తాయి. ఇవన్నీ కలిసి ఈ నెలల్లో కదలికలకు ఒక వరస ఉండదు. నిన్న బాగా తెలిసి ఈరోజు తెలియకపోవడం చాలామందికి జరిగేదే.

అంతమాత్రాన నీ భయం వెర్రిది అనడం లేదు. నాకు కోపం వచ్చింది వేరే మాటకు. ఆ రాత్రి ఆసుపత్రికి ఫోను చేయాలని చేతిలోకి తీసుకుని, డాక్టరమ్మ ఏమనుకుంటుందోనని మళ్ళీ పక్కన పెట్టేశావట! ఎవరేమనుకుంటే నీకేం? వార్డులో మేము వెయ్యిసార్లు అకారణంగా వచ్చినవాళ్ళను చూసి నవ్వుతూ పంపించాం. ఒక్కరినీ విసుక్కోవలసిన అవసరం మాకు రాలేదు. ఒకవేళ ఎవరైనా విసుక్కుంటే అది వాళ్ళ తప్పు, నీది కాదు. నువ్వు వెళ్తే పొట్టమీద చేతి డాప్లర్ పెట్టి గుండెచప్పుడు వింటారు, అవసరమైతే స్కానింగు చేస్తారు. ఇంతకుముందు తెలిసిన కదలిక ఆగిపోయిందని అనిపించినా, 24 వారాలు నిండేసరికి అసలు ఏ కదలికా తెలియకపోయినా, వాళ్ళను అడగవలసిందే. రక్తం కనిపించినా, నీరు పోయినా, జ్వరమో విడవని నొప్పో వచ్చినా ఫోనుతో ఆగకుండా నేరుగా వెళ్ళాలి.

ఇక లెక్క గురించి నీకు ఒక పాత సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో కార్డిఫ్ చార్టు అని ఒక పద్ధతి వాడుకలో ఉండేది. పొద్దున తొమ్మిది నుంచి కదలికలు లెక్కపెట్టి, పదోది ఏ వేళకు వచ్చిందో ఆ గడిని పెన్సిలుతో నల్లగా నింపాలి. రాత్రి తొమ్మిదిలోగా పది రాకపోతే ఆసుపత్రికి రావాలి. మీ అమ్మ నిన్ను మోస్తున్నప్పుడు అలాంటి కాగితం గోడకు తగిలించుకుంది. ఎనిమిదో నెల దాటాక నేను సెలవు మీద ఆమె దగ్గరికి వెళ్ళాను. ఆ సాయంత్రం మాట్లాడుతూ మాట్లాడుతూ గోడవైపు చూశాను. మొదటి వారాల గడులన్నీ పైవరసలోనే, పదకొండు గంటల లోపే నిండి ఉన్నాయి. తర్వాతవి ఒక్కొక్క రోజూ కొంచెం కొంచెం కిందికి జారుతూ, మధ్యాహ్నం దాటి, దీపాల వేళకు వచ్చి, ముందురోజు గడి ఎనిమిదిన్నర దగ్గర ఉంది. పైనుంచి కిందికి మెట్లు దిగుతున్న ఆ వరస ఎవరికైనా కనిపించేదే. నేను అడిగితే మీ అమ్మ తేలికగా, “పదీ వచ్చాయి కదక్కా, లెక్క సరిపోయింది,” అంది. నెలలు నిండేకొద్దీ బిడ్డకు చోటు చాలక నెమ్మదిస్తుందని ఇంట్లో పెద్దవాళ్ళు అప్పటికే ధైర్యం చెప్పి ఉన్నారు. ఆ ఉదయమే ఆసుపత్రిలో కాగితం చూపిస్తే, అక్కడా పదీ పూర్తయ్యాయన్నంతవరకే చూసి పంపించేశారు.

ఆ రాత్రికి రాత్రే మళ్ళీ తీసుకువెళ్ళాం. ఉమ్మనీరు బాగా తగ్గిపోయిందనీ, బిడ్డ ఎదుగుదల వెనకబడిందనీ తేలింది. మర్నాడు నువ్వు పుట్టావు, చాలా చిన్నగా, కానీ గట్టిగా ఏడుస్తూ. అప్పుడు నేను మీ అమ్మను ఒక్క మాట అనలేదు, ఇప్పుడూ అనను. చెప్పినట్టే చేసింది పాపం. తప్పు పది అనే అంకెది. మీ అమ్మ శరీరం చెబుతున్న మాటను ఆ అంకె మరుగుపరచింది. 1989లో అరవై ఎనిమిది వేలకు పైగా గర్భిణులపై జరిగిన పెద్ద పరీక్షలో కూడా, అందరిచేతా ఇలా లెక్కపెట్టించడం వల్ల మరణాలు తగ్గినట్టు తేలలేదు. చోటు చాలక బిడ్డ నెమ్మదిస్తుందన్నది కూడా నిజం కాదు. సుమారు 32 వారాల దాకా కదలికలు పెరిగి, ఆ తర్వాత కానుపు దాకా దాదాపు అలాగే సాగాలి. తీరు మారవచ్చు, తన్ను బదులు పొర్లినట్టు తెలియవచ్చు, కానీ తగ్గకూడదు.

కనుక ఇప్పుడు పుస్తకం తెరవకు. వరస ఏర్పడని ఈ నెలల్లో గంటల లెక్క రాస్తే నీకు మిగిలేది భయమే. 28 వారాలు వచ్చేసరికి నీ బిడ్డ ఏ వేళ మెలకువగా ఉంటుందో, ఏ వేళ నిద్రపోతుందో నీకే అలవాటవుతుంది. కడుపులో బిడ్డ ఒక్కో నిద్ర సాధారణంగా 20 నుంచి 40 నిమిషాలు, గంటన్నర దాటడం అరుదు. ఆ అలవాటు మారిందనిపిస్తే అంకె ఎంత వచ్చినా సరే, చల్లటి నీళ్ళు తాగి చూద్దాం, తీపి తిని చూద్దాం అని కూర్చోకుండా ఆ పూటే వెళ్ళు. బిడ్డకు ఎక్కిళ్ళు వస్తే ఒకే తాళంలో చిన్నచిన్నగా కొట్టుకున్నట్టు తెలుస్తుంది. దాన్ని కదలికగా ఎంచుకోకు.

ఆ యంత్రం మాత్రం కొనవద్దు. బతిమాలి చెబుతున్నాను. బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది. భయపడ్డ తల్లి గుండె కూడా నూరు దాటుతుంది. నేర్వని చేతికి నీ రక్తనాళం చప్పుడో, మాయలో రక్తం పారే చప్పుడో వినబడి, అదే బిడ్డదనుకుని నువ్వు నిశ్చింతగా పడుకుంటావు. ఒకవేళ నిజంగా బిడ్డదే విన్నా, గుండె కొట్టుకుంటున్నంత మాత్రాన బిడ్డ కులాసాగా ఉన్నట్టు కాదు. వార్డులో మేము చప్పుడు విని ఊరుకోము, మిగతావీ చూస్తాం. వినబడకపోతే మరోవైపు ఏ కారణమూ లేకుండా నీ ప్రాణం పోయినంత పనవుతుంది.

ప్రసూతి వార్డు నంబరు నీ ఫోనులోనూ, అబ్బాయి ఫోనులోనూ పెట్టండి. అర్ధరాత్రి నువ్వు మొహమాటపడితే అతనైనా చేస్తాడు. ఈ ఉత్తరం అతనిచేత కూడా చదివించు. రిపోర్టులో మాయ ఎక్కడుందని రాశారో నాకు ఫోను చేసి చెప్పు. గోడమీద కాగితం సంగతి నేను చెప్పానని మీ అమ్మతో అనకు, ఇప్పటికీ ఆ మాట వస్తే లేచి వెళ్ళిపోతుంది.

ఇట్లు,
నీ పెద్దమ్మ