బండి సందేహాలు: గోధుమపిండి ముద్దతో రేడియేటర్ కొలత

ప్రశ్న: నమస్తే సార్. మాది ఏలూరు. ఉద్యోగం కోసం ఇంగ్లండ్ వచ్చి లెస్టర్‌లో ఉంటున్నాను. పోయిన ఏడాది 2003 మోడల్ అప్రిలియా ఆర్‌ఎస్125 టూ-స్ట్రోక్ బైకు కొన్నాను. పాత ఓనరు రెస్ట్రిక్షన్లు (పవర్ తగ్గించడానికి పెట్టిన అడ్డులు) తీసేసి, పెద్ద కార్బ్యురేటర్, వేరే సైలెన్సర్ ఛాంబర్ పెట్టించాడు. రోడ్డు మీద టెంపరేచర్ 65 చూపిస్తుంది. ట్రాక్ డేకి తీసుకెళ్తే నాలుగో ల్యాప్‌కల్లా 85 దాటుతోంది, బండి లాగడం లేదు. 40 మి.మీ. మందం ఉన్న అల్యూమినియం రేడియేటర్ ఒకటి చూశాను. కొనేయనా? థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌లోకి వెళ్ళనివ్వని వాల్వు) తీసేస్తే నీళ్ళు మరీ వేగంగా పరుగెత్తి చల్లారవని ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: కొనండి, కానీ ఈ నెల కాదు. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా తడిగుడ్డ వేస్తే ఏం లాభం?

ముందు ఒక పని చేయండి. పొద్దున్నే ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి. మొదట్లో నాలుగు బుడగలొచ్చి ఆగిపోతే ఫరవాలేదు, లోపల ఉండిపోయిన గాలి అది. ఆగకుండా సన్నగా వస్తూనే ఉంటే మాత్రం హెడ్ దగ్గర ఓ-రింగ్ పోయి మంట నీళ్ళలోకి తన్నుతోందన్నమాట. అప్పుడు లారీ రేడియేటర్ పెట్టినా అంతే. బుడగలు లేకపోతే కార్బ్యురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే మెయిన్ జెట్ చూడండి. గాలి ఎక్కువ లాగే ఇంజన్‌కి పాత సైజు జెట్టే ఉంటే పెట్రోలు చాలదు, పిస్టన్ కాలిపోతుంది. ఇగ్నిషన్ టైమింగ్ కూడా చూపించండి.

టూ-స్ట్రోక్‌కి 85 ఎందుకు ఎక్కువో కూడా చెబుతాను. కారు ఇంజన్ 90 దగ్గర హాయిగా ఉంటుంది. మన దాంట్లో పెట్రోలు, గాలి కలిసిన కొత్త మిశ్రమం ముందు ఇంజన్ అడుగున ఉండే క్రాంక్‌కేస్‌లోకి వెళ్ళి, అక్కడి నుంచి పైకొస్తుంది. ఆ దారంతా వేడెక్కితే మిశ్రమం ఉబ్బి, సిలిండర్‌లోకి వెళ్ళే సరుకు తగ్గుతుంది. మీ బండి లాగకపోవడం అందుకే. డిటోనేషన్ (మిశ్రమం తనంతట తానే ఒక్కసారిగా పేలడం) భయం దీనికి అదనం. 125, 250 సీసీ టూ-స్ట్రోక్ గ్రాండ్ ప్రీ రేసు బండ్లు నడిచిన రోజుల్లో మెకానిక్‌లు నీళ్ళని 50, 55 డిగ్రీల దగ్గర పట్టి ఉంచడానికి నానా తంటాలు పడేవాళ్ళు. చలి రోజున రేడియేటర్ మీద అడ్డంగా టేపు అంటించేవాళ్ళు, ఎండొస్తే ఒక్కో పట్టీ పీకేసేవాళ్ళు.

మీ ఫ్రెండ్ చెప్పింది నేను పాతికేళ్ళుగా వింటున్న మాటే. అది తప్పు. నీళ్ళు వేగంగా తిరిగితే రేడియేటర్‌లో తక్కువసేపు ఉండే మాట నిజమే, కానీ అంతే త్వరగా మళ్ళీ వస్తాయి కదా! మొత్తం మీద వేడి ఎక్కువే పోతుంది. థర్మోస్టాట్ తీస్తే వచ్చే చిక్కు వేరే ఉంది. లెస్టర్ చలిలో ఇంజన్ 50కి చేరడానికే చాలాసేపు పడుతుంది. అంతలో మీరు త్రాటిల్ తిప్పితే పిస్టన్ గబగబా వ్యాకోచిస్తుంది, చన్నీళ్ళు పట్టుకున్న సిలిండర్ వ్యాకోచించదు. ఇంకేముంది, పిస్టన్ బిగుసుకుపోయి సీజ్. రోడ్డుకి థర్మోస్టాట్ ఉంచండి. ట్రాక్‌కి తీసేసి టేపు జేబులో పెట్టుకోండి.

ఇక రేడియేటర్ సంగతి. ఇప్పుడు బెజవాడ ఆటోనగర్‌లో కూర్చుని ఇవన్నీ చెబుతున్నాను గానీ, కోవెంట్రీలో ఉన్నప్పుడు నా దగ్గరా ఇదే బండి ఉండేది. నేనూ లావుపాటి రేడియేటర్ తెచ్చి బిగించాను. స్టాండ్ మీద చూస్తే ముందు టైరుకీ దానికీ మధ్య బొటనవేలు పట్టింది, చాలనుకున్నాను. మాలరీ పార్క్ రేస్ ట్రాక్‌లో హెయిర్‌పిన్ మలుపు దగ్గర గట్టిగా బ్రేక్ పట్టేసరికి ఫోర్కులు పూర్తిగా కూరుకుపోయి టైరు రేడియేటర్‌ని గీకేసింది. బెల్లం పాకం మాడినట్టు తియ్యటి వాసన, హెల్మెట్ నిండా ఆవిరి. పడకుండా బయటపడ్డాను. నా వెనకాల వచ్చినవాళ్ళు మాత్రం ఆ కూలెంట్ మీద జారారు. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ నూనెలా జారుతుంది, చాలా రేసుల్లో దాన్ని పోయనివ్వనిది అందుకే. ఆ రోజు ప్యాడాక్‌లో (ట్రాక్ పక్కన బండ్లు నిలిపే చోట) ఎవరి మొహమూ చూడలేకపోయాను.

తర్వాత నేర్చుకున్న పద్ధతి ఇది. ఫోర్కుల్లో స్ప్రింగులు తీసేయండి. చపాతీ పిండి ముద్దలు నాలుగు చేసి, రేడియేటర్‌కి పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి టైరు వైపు అంటించండి. ఒక మనిషి సాయంతో ఫోర్కుని చివరిదాకా దించి హ్యాండిల్ రెండు పక్కలా తిప్పండి. నలిగిన ముద్ద ఎంత మందం మిగిలితే అంతే మీకున్న ఖాళీ. పది మి.మీ. లేకపోతే నేను బిగించను. వేగంలో టైరు కాస్త ఉబ్బుతుంది, రేడియేటరూ రబ్బరు బుష్‌ల మీద ఊగుతుంది. రబ్బరు ఎందుకు, నేరుగా బోల్టు బిగిస్తానంటారేమో! సింగిల్ సిలిండర్ వణుకుకి వెల్డింగ్ దగ్గర చీలుతుంది.

మందం ఎక్కువైతే గాలి దూరడం కష్టం. అందుకే కుదిరితే వెడల్పు పెంచండి. అంతకన్నా ముందు ఫెయిరింగ్ (బండి పై తొడుగు) లోపల చూడండి. రేడియేటర్ చుట్టూ సందులుంటే గాలి సులువైన దారి చూసుకుని పక్కనుంచి పోతుంది. నేను బిస్కట్ డబ్బా రేకు కత్తిరించి, ఫోమ్ పట్టీలతో ఆ సందులన్నీ మూసేశాను. పాత రేడియేటర్‌తోనే ఆరు డిగ్రీలు తగ్గింది. ముందే ఈ పని చేసుంటే కొత్తది కొనేవాణ్ణే కాదు. వెనక వేడిగాలి బయటికి పోయే దారి కూడా ఉండాలి సుమా.

నీరు పల్లమెరుగు అంటారు, నీళ్ళలో గాలి మిట్ట ఎరుగు. కొత్తది బిగించాక మూత అన్నిటికన్నా ఎత్తులో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే హెడ్‌లో గాలి నిలిచిపోయి, మీటరు చల్లగా చూపిస్తున్నా ఇంజన్ ఉడికిపోతుంది. ట్రాక్‌కి ఉత్త నీళ్ళు పోశారనుకోండి, ఇంటికి రాగానే దించేసి యాంటీఫ్రీజ్ పోయండి. రాత్రి మంచుకి నీళ్ళు గడ్డకట్టి ఉబ్బితే సిలిండర్ పగులుతుంది.

అన్నట్టు, రెస్ట్రిక్షన్లు తీసిన సంగతి ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పారా? ఆ బండికి మీ లైసెన్స్ సరిపోతుందో లేదో కూడా చూసుకోండి.

ప్రశ్న: గుంటూరులో నాకు 1994 ఆర్‌ఎక్స్100 ఉంది. పోర్టింగ్ (సిలిండర్‌లో మిశ్రమం, పొగ వెళ్ళే దారుల్ని మార్చడం) చేయించాను. బాగా వేడెక్కుతోంది. ఫిన్‌లకి నల్ల పౌడర్ కోటింగ్ కూడా వేయించాను. రేడియేటర్ పెట్టించవచ్చా?

జవాబు: మీది గాలితో చల్లారే ఇంజన్, నీళ్ళు ఎక్కడ తిరుగుతాయండీ? సిలిండర్‌కి వాటర్ జాకెట్ లేదు, పంపు లేదు. హెడ్ మాత్రమే నీళ్ళది చేసిచ్చేవాళ్ళు ఉన్నారు గానీ, ఎక్కువగా కాలేది ఎగ్జాస్ట్ పోర్ట్ పక్కన, సిలిండర్‌లో. ఆ డబ్బుతో మంచి టూ-టీ ఆయిల్ వాడి, జెట్ పెంచి, ప్లగ్ రంగు చూసుకోండి. ముందు ఆ ఫిన్‌ల మీద మందంగా వేయించిన పూత గీకించేయండి.