డల్లాస్‌లో కరెంటు ప్లాన్ ఏది చవక అని అడిగినవాళ్లకి

మీ అమ్మాయి డల్లాస్‌లో అపార్ట్‌మెంట్ తీసుకుంది, కరెంటు కంపెనీని తనే ఎంచుకోవాలట, గుంటూరులో కూర్చుని మాకేం తెలుస్తుంది అని అడిగారు కదండీ. విజయవాడ వచ్చేయకముందు కొన్నేళ్లు నేను అక్కడే ఇర్వింగ్‌లో ఉన్నాను, అందుకని చెప్తున్నా.

ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా ఇంటికి వచ్చే కరెంటు ఒకటేనండి. డల్లాస్‌లో తీగలు, మీటర్లు ఆంకర్ అనే కంపెనీ వాళ్లవి, కరెంటు పోతే ఫోన్ చేయాల్సిందీ వాళ్లకే. 2002 నుంచి టెక్సస్‌లో చాలా ఊళ్లలో అమ్మకాన్ని మాత్రం పోటీకి వదిలారు (ఆస్టిన్, శాన్ ఆంటోనియోలో ఈ ఎంపిక లేదు). అంటే మీ అమ్మాయి ఎంచుకునేది బిల్లు వేసేవాళ్లను, అంతే. పేరున్న కంపెనీ అని ఎక్కువ కట్టక్కర్లేదు.

అక్కడి ప్రభుత్వ కమిషన్ నడిపే ‘పవర్ టు చూజ్’ సైట్‌లో ప్లాన్లన్నీ ఉంటాయి. అందులో మొదట కనిపించే చవక రేటు చూసి మాత్రం బుక్ చేయొద్దనండి. అది సరిగ్గా 1000 యూనిట్లు వాడితే వచ్చే సగటు. ఉదాహరణకి అన్నీ కలిపి యూనిట్‌కి 17 సెంట్లు, 1000 యూనిట్లు తాకితే 100 డాలర్లు తగ్గింపు అనుకుందాం. 1000 వాడితే బిల్లు 70 డాలర్లు, అదే 980 వాడితే 166 పైనే! మన దగ్గర మొదటి 30 యూనిట్లు యూనిట్‌కి 1.90 రూపాయలు, 400 దాటితే 9.75, తక్కువ వాడితే తక్కువ బిల్లు, అలా అలవాటు పడ్డవాళ్లకి ఇది బుర్రకెక్కదు. అక్కడున్న మా అన్నయ్య వాళ్లింటికి మా పెదనాన్న వెళ్లినప్పుడు, విజయవాడ పటమటలో ఉన్నట్టే గది గదికీ తిరిగి లైట్లూ ఏసీ ఆపేసేవాడు, ఆ నెల వాడకం 1000 కిందకి దిగి తగ్గింపు పోయింది, బిల్లేమో పెరిగింది. పాపం ఆయనకి ఎంత చెప్పినా నమ్మలేదు.

అందుకే ‘ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్’ అనే కాగితం ప్రతి ప్లాన్‌కీ ఉంటుంది, అది తెరిచి చూడమనండి. 500, 1000, 2000 యూనిట్లకి సగటు రేటు పక్కపక్కనే ఉంటుంది. మూడూ దగ్గర దగ్గరగా ఉంటే మంచి ప్లాన్, మధ్యలోది మాత్రమే బాగా తక్కువుంటే వదిలేయడమే. చిన్న అపార్ట్‌మెంట్‌లో ఒక్కతే ఉంటే చలి లేని, ఎండ లేని నెలల్లో 1000 యూనిట్లు కాలవు కాబట్టి 500 గడి చూసుకోవాలి. రాత్రిళ్లు ఫ్రీ అనే ప్లాన్లలో పగటి రేటు బాదేస్తారు, ఇంటి నుంచి పని చేసేవాళ్లకి అస్సలు వద్దు.

ఫిక్స్‌డ్ రేటే తీసుకోమనండి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో హోల్‌సేల్ ధర యూనిట్ 9 డాలర్లకి పోయింది, ఆ ధరకి ముడిపెట్టిన ప్లాన్లలో ఉన్నవాళ్లకి వేల డాలర్ల బిల్లులొచ్చాయి. ఆ తర్వాత ఇళ్లకి అలాంటి ప్లాన్లు నిషేధించారు గానీ, నెలనెలా మారే రేట్లు ఇప్పటికీ ఉన్నాయి. కాంట్రాక్టు అయిపోయాక పట్టించుకోకపోతే అందులోకే నెట్టేస్తారు. గడువుకి 14 రోజుల ముందు నుంచీ జరిమానా లేకుండా మారొచ్చు, ఇల్లు మారితే రుజువు చూపిస్తే ఎప్పుడైనా జరిమానా ఉండదు. కొత్తగా వెళ్లింది, క్రెడిట్ స్కోర్ ఉండదు కాబట్టి డిపాజిట్ అడుగుతారు, అదీ చూసుకోమనండి. గడువు జూలై, ఆగస్టులో పడకుండా నెలలు లెక్కేసుకుంటే మంచిది, ఆ ఎండల్లో కొత్త ప్లాన్ వెతుక్కోవడం ఖరీదైన పని.